పసికందు మెదడును గనిపెట్టు కానరాని వెలుగు

పెద్దవారికి తలనొప్పి వచ్చినచో నోరు విప్పి చెప్పుకొందురు. ఏడాది బిడ్డయైనను తల పట్టుకొని యేడ్చును. నిన్న మొన్న భూమిమీద బడిన పసికందునకు మాత్రము చెప్పుకొనుటకు మాట లేదు, చూపుటకు చేయి స్వాధీనము లేదు. ఆకలికిని, తడికిని, కడుపునొప్పికిని ఒక్కటే యేడుపు. మెదడునకు ప్రాణవాయువు చాలనప్పు డా యేడుపుకూడ నుండకపోవచ్చును. బిడ్డ మెత్తబడి నిద్రించుచున్నట్లే యుండును. "ఎంత బుద్ధిమంతుడమ్మా, కిక్కురుమనడు" అని చుట్టములు మెచ్చుకొను నా నిశ్శబ్దమే యొక్కొక్కప్పుడు మిక్కిలి భయంకరమైనది.

నెలలు నిండి పుట్టిన శిశువు మెదడు ఇంచుమించు 350 మొదలు 400 గ్రాములు తూగును. బిడ్డ మొత్తము బరువు మూడు కిలోలనుకొన్నను, అందులో నూటికి పది పాళ్లకు మించి మెదడే యన్నమాట. పెద్దవారిలో నది నూటికి రెండు పాళ్లే. ఐనను శరీరము గైకొను ప్రాణవాయువులో నైదవ వంతును తానే కాజేయును. ఇంక పసిబిడ్డలో దాని వాటా యెంత పెద్దదిగా నుండునో పాఠకురాండ్రే యూహింపవచ్చును. కండలు కొంతసేపు ఓర్చుకొనగలవు, చర్మ మోర్చుకొనగలదు, మెదడు మాత్ర మోర్చుకొనజాలదు. కొలది నిమిషములపాటు ప్రాణవాయు వందకున్నచో దాని కణములు చెడనారంభించును. అట్లు చెడినదాని ఫలము తరువాతి సంవత్సరములలో నడక రాకపోవుటగానో, మూర్ఛలుగానో, మాట యాలస్యమగుటగానో బయటపడును. అప్పటికి చేయదగిన దంతగా మిగిలియుండదు. కావుననే మెదడునకు రక్తమునుండి ప్రాణవాయువు సరిగా నందుచున్నదా లేదా యని, బిడ్డ ఊయలలో నుండగనే, కోయకయు గ్రుచ్చకయు దెలిసికొనుట యెట్లని వైద్యులు చాలకాలముగా నాలోచించుచు వచ్చిరి. ఆ యాలోచన వెలుగు దారిని బట్టుట విచిత్రమైన కథ.

మన మెల్లరము చిన్ననాడు చేసిన యాట యొకటి గలదు. చీకటిగదిలో టార్చిదీపమును అరచేతితో మూసిపట్టినచో వ్రేళ్ల సందులు దానిమ్మగింజలవలె నెఱ్ఱగా మెఱయును. ఇప్పటి పిల్లలు చేతిఫోను దీపముతో నదే చేయుచున్నారు. తెల్లని వెలుగు లోపలికి బోయి యెఱ్ఱగా నేల రావలెను? తెలుపులో నున్న నీలమును, ఆకుపచ్చను రక్తము మ్రింగివేయును. ఎఱుపును మాత్రము కొంతవఱకు వదలిపెట్టును. అంతియే. ఎముకకూడ వెలుగునకు మనమనుకొన్నంత గోడ కాదు. తలలో నీరు నిండి కపాలము పలుచనైన రోగి తలకు వెనుక కొవ్వొత్తి బట్టగా వెలుగు కనబడుట 1831 లోనే లండను వైద్యుడు రిచ్చర్డు బ్రైటు వ్రాసిపెట్టెను.

ఎఱుపునకు నవతల నింకొక వెలుగున్నదని 1800 వ సంవత్సరమున విలియము హెర్షెల్ కనుగొనెను. సూర్యకాంతిని పట్టకముగుండ బోనిచ్చి, యేడు వన్నెలుగా విడిపోయిన చోట ఉష్ణమాపకములను బెట్టి చూడగా, ఎఱుపు ముగిసిన తరువాత, కంటి కేమియు గానరాని తావున, వేడిమి యింకను హెచ్చుగా నుండెను. (ఈయన చెల్లెలు కారొలీను అన్నగారి నక్షత్రపరిశీలనకు కుడిభుజమై, తాను స్వయముగా నెనిమిది తోకచుక్కలను గనిపెట్టిన విదుషి. ఆమెనుగూర్చి వేఱొకమాఱు ముచ్చటింతము.) ఆ కానరాని కాంతినే పరారుణమనుచున్నారు, అనగా ఎఱుపునకు నవతలిదని యర్థము. మా యింటివారు పాఠశాలలోని పట్టకమును సెలవులలో నింటికి దెచ్చి గోడమీద నింద్రధనుస్సును జూపినప్పుడు పిల్లలు రంగులనే చూచుచుండిరి గాని, రంగులు లేని యా జానెడు సున్నపుగోడ నెవ్వరును జూడలేదు. కథయంతయు నక్కడనే యున్నది!

ఎఱుపునకు సమీపముననే యున్న యా పరారుణము, అనగా 700 మొదలు 900 నానోమీటర్ల వఱకుగల కాంతి, శరీరములోనికి మిక్కిలి లోతుగా బోగలదు. (నానోమీట రనగా మిల్లీమీటరులో పదిలక్షవ వంతు.) అంతకు దక్కువదానిని రక్తమును, అంతకు మిక్కిలి హెచ్చుదానిని నీరును బట్టివేయును, నడుమ నీ చిన్న కిటికీ మాత్రము తెఱచియున్నది. కిటికీ యున్నదని లోకమునకు జాటినవాడు అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయపు ఫ్రాన్స్ యోబ్సిస్. ఒకనాటి రాత్రి యింట భోజనమువేళ పశువు భుజపు పలుచని యెముకను వెలుగున కడ్డముగా బట్టి చూడగా నెఱ్ఱని కాంతి దానిలోనుండి వచ్చెననియు, ఎఱుపే యిట్లు రాగా దాని కావలిది యింకను బాగుగా రావలెనుగదా యని తోచెననియు చెప్పుదురు. "మనవంటి శాకాహారుల యిండ్లలో నీ సంగతి యెన్నటికిని బయటపడెడిది కాదు" అని మా యింటివారు నవ్విరి. ఏమైనను, 1977 లో యోబ్సిస్ 'సైన్స్' పత్రికలో బ్రకటించిన వ్యాసమే యీ విద్యకు పునాది.

వెలుగు లోపలికి బోయినంతమాత్రమున ప్రాణవాయువు సంగతి యెట్లు తెలియును? ఇచట మన వంటింటి యుపమానమే చాలును. పసుపునీళ్లలో చిటికెడు సున్నము వేసినచో పారాణియై యెఱ్ఱబడును. పసుపు పసుపే, దానితో జేరినదానినిబట్టి వన్నె మాఱినది. రక్తములోని హీమోగ్లోబిన్ అనబడు పదార్థమును నట్టిదే. ప్రాణవాయువుతో గూడినప్పుడు నిగనిగలాడు నెఱుపు. దానిని విడిచినప్పుడు నల్లనెఱుపు. 760 నానోమీటర్ల కాంతిని ప్రాణవాయువు విడిచిన హీమోగ్లోబిన్ హెచ్చుగా మ్రింగును. 850 ప్రాంతమున ప్రాణవాయువుతో గూడినదే హెచ్చుగా మ్రింగును. 800 దగ్గఱ రెండును సమానము. కావున రెండు మూడు వన్నెల కాంతిని లోపలికి బంపి, యేది యెంత తగ్గి తిరిగివచ్చినదో లెక్కకట్టినచో, నూఱు పాళ్ల హీమోగ్లోబిన్‌లో నెన్ని పాళ్లు ప్రాణవాయువును మోయుచున్నవో తేలును.

2020, 2021 సంవత్సరములలో కరోనా వ్యాధి వ్యాపించినప్పుడు మన యిండ్లలో వ్రేలికి దగిలించుకొని 95, 96 యని చూచుకొన్న చిన్న యంత్రమునకును దీనికిని బంధుత్వము గలదు. దాని మూలసూత్రమును జపానుదేశీయుడు టకువో అవొయాగి 1970 దశకమున గనిపెట్టెను. కాని యది నాడి కొట్టుకొనునప్పుడు గుండెనుండి వచ్చు రక్తమును మాత్రమే లెక్కించును. ఆ రక్తము మెదడును జేరినదా, చేరినదానిలో మెదడెంత వాడుకొన్నది యను ప్రశ్నలకు వ్రేలు సమాధాన మియ్యజాలదు. నుదుట బెట్టు యంత్రము మెదడులోని రక్తమునంతను గలిపి చూచును. అందు మెదడు వాడుకొని వదలిన రక్తమే యెక్కువ. అందువలన దాని యంకె సహజముగానే తక్కువగా నుండును.

ఈ మాట తెలియక యొక తల్లి పడిన వేదనను మే మెఱుగుదుము. మా వీధిలోని యొక యిల్లాలి కోడలు ఏడవ నెలలోనే ప్రసవించినది. బిడ్డ నుంచిన చోట రెండు తెరలు. ఒకదానిపై 94, రెండవదానిపై 68. 68 చూచి యా పిల్ల, తన బిడ్డకు ఊపిరి చాలక ప్రాణము పోవుచున్నదని తలంచి రాత్రియంతయు గోడనానుకొని యేడ్చినది. తెల్లవాఱిన పిమ్మట గాని యది మెదడునకు దగిన యంకెయే యని దాది చెప్పలేదు. చెప్పుటకు రెండు నిమిషములు పట్టెడి మాట! యంత్రములు కొనువారు తల్లికి నాలుగు మాటలు చెప్పు మనిషినికూడ నేర్పఱచిన బాగుండునని మా కనిపించినది. సామాన్యముగా నెలలు నిండని శిశువుల విషయమున 55 కు దగ్గకుండ, 85 కు మించకుండ నుంచవలెనని పెద్ద పరిశోధనలలో నియమము పెట్టుకొనిరి. యంత్రమునకును యంత్రమునకును పది పాళ్ల వఱకు భేద ముండుట కలదు గనుక, ఒక యాసుపత్రి యంకెను మఱియొకదానితో బోల్చి బెంగపడుట తగదు.

బిడ్డ నుదుట నంటించునది మెత్తని పట్టీ. అందొక చోట వెలుగు పుట్టును; మూడు నాలుగు సెంటిమీటర్ల దూరమున దానిని గ్రహించు కన్ను లుండును. వెలుగు లోపల తిన్నగా బోదు. పాలలో దీపము బెట్టినట్లు నలువైపులకు జెదరి, మలుపులు తిరిగి, కొంత పోయి, కొంత మిగిలి, యర్ధచంద్రాకారముగా బయటికి వచ్చును. పసిబిడ్డ తలలో నది నడచు దారి, బయట గొలిచిన దూరమునకు నాలుగైదు రెట్లుండునని లండను యూనివర్సిటీ కాలేజీలో డేవిడు డెల్పీయు సహచరులును గొలిచి చూపిరి. ఈ కొలత లేకున్న లెక్క కుదురదు. దగ్గఱి కన్నునకు జేరు వెలుగు చర్మమును ఎముకను మాత్రమే తడవి వచ్చును. దూరపు కన్నునకు జేరునది మెదడునుకూడ జూచి వచ్చును. రెండవదానిలోనుండి మొదటిదానిని దీసివేసినచో మిగులునది మెదడు వార్త. పెద్దవారి కపాలము దళసరి యగుటచే వార్త సన్నగిలును. పసిబిడ్డ కపాలము పలుచన; మాడు ఇంకను పూడలేదు. ప్రకృతి మెదడు పెరుగుటకు విడిచిన మెత్తదనము మనకు దాని క్షేమము విచారించుట కనువైనది.

ఈ వెలుగు ఎక్సురే వంటిది కాదు. కణములను విఱుగగొట్టు శక్తి దీనికి లేదు. దీపపు బలముకూడ స్వల్పము. జాగ్రత్త యంతయు పట్టీ విషయముననే. నెలలు నిండని బిడ్డ చర్మము తడిసిన కాగితమువంటిది. గట్టిగా లాగినచో నూడివచ్చును. కావున దాదులు తఱచుగా స్థానము మార్చుచు, మెల్లగా దీయుచుందురు. ఇంకొక ముచ్చట. మనము బిడ్డకు దృష్టి తగులకుండ నుదుట నల్లచుక్క పెట్టుదుము. మసి కంటికి గనబడు వెలుగునేగాక యీ కానరాని వెలుగునుకూడ మ్రింగివేయును. నల్లని జుట్టును నట్టిదే. అందుచేతనే వెండ్రుకలు లేని నుదురును వెదకుట. మాడుకు బెట్టు నాముదము జాఱి నుదుటికి వచ్చినచో పట్టీ యంటనే యంటదు. ఆసుపత్రిలో నున్నన్ని దినములు చుక్కను అరికాలికి బెట్టుకొన్నచో నమ్మమ్మల మనసు నొవ్వదు, వైద్యుని పనియు జెడదు. చర్మపు చాయ నల్లనైనవారియందు వ్రేలి యంత్రములు ప్రాణవాయువును ఉన్నదానికంటె హెచ్చుగా జూపుట కలదని 2020 లో అమెరికా వైద్యులు ప్రకటించిరి. మన బిడ్డల చాయలు పలువిధములు గనుక, యంత్రములను మన బిడ్డలయందే పరీక్షించి చూడవలెనని కోరుట న్యాయము.

శిశువులయం దీ పద్ధతిని మొదట బ్రయోగించినవారిలో డ్యూక్ విశ్వవిద్యాలయపు వైద్యురాలు జేన్ బ్రేజీ ముఖ్యురాలు. ఆమె వ్యాసము 1985 లో వెలువడినది. మఱుసటి యేటనే లండనులో వయట్, కోప్, డెల్పీ, రెనాల్డ్సు అనువారు జబ్బుపడిన నవజాతశిశువుల మెదడులో ప్రాణవాయువును, రక్తమును అంకెలలో గొలిచి 'లాన్సెట్' పత్రికలో బ్రకటించిరి. మాడుమీదుగా దీయు అల్ట్రాసౌండు చిత్రము మెదడులో రక్తము చిందినదేమో చూపును. విద్యుత్తరంగములను వ్రాయు యంత్రము మూర్ఛలను బట్టి యిచ్చును. కానరాని వెలుగు చూపునది ఆహారము చేరుచున్నదా యని. ఒకటి యుండగా రెండవది వ్యర్థమని యనరాదు.

సరే, అంకె తగ్గినది. వైద్యు డేమి చేయును? ఊపిరియంత్ర మతివేగముగా నడచినచో రక్తములోని బొగ్గుపులుసువాయువు మితిమీఱి తగ్గి, మెదడు రక్తనాళములు ముడుచుకొనును, యంత్రమును నెమ్మదిపఱచును. రక్తపుపోటు తగ్గియుండినచో దానికి మందు. రక్తమే పలుచనై యున్నచో రక్త మెక్కించును. ఐరోపాలో ఎనిమిది దేశములయందు, 28 వారములు నిండకముందే పుట్టిన 166 మంది శిశువులలో కొందఱి కీ యంత్రపు మార్గదర్శకముతో మొదటి మూడు దినములు చికిత్స చేయగా, మెదడు ప్రాణవాయువు హద్దులు దాటియుండుట సగమునకు మించి తగ్గెనని 2015 లో బ్రకటించిరి. అందఱును సంతోషించిరి.

ఐతే పెద్ద పరీక్ష తరువాత వచ్చినది. కోపెన్‌హేగను నగరపు వైద్యుడు గోర్ము గ్రైసెను మొదలగువారి యాధ్వర్యమున 17 దేశములలోని 70 ఆసుపత్రులలో 1,601 మంది శిశువులను జేర్చుకొని చూచిరి. 2023 లో ఫలితము వెలువడెను. యంత్రము పెట్టినవారిలో మరణమో, మెదడునకు దీవ్రమైన హానియో కలిగినవారు నూటికి 35.2, పెట్టనివారిలో 34.0. అనగా భేదము లేదు. అంకె చక్కబడుట వేఱు, బిడ్డ చక్కబడుట వేఱని దీనివలన దేలినది. ఇంత శ్రమపడి, ఇంత ధనము వెచ్చించి, "మేము కోరిన ఫలము రాలే"దని లోకమునకు దాచక చెప్పిన యా వైద్యులను మేము మిక్కిలి గౌరవించుచున్నాము. మనదేశమున క్రొత్తయంత్రము వచ్చిన తోడనే "ఇది పెట్టినగాని మీ బిడ్డ దక్క"దని చెప్పువా రుందురు. ఆ మాట విని పుస్తెలు తాకట్టు పెట్టనక్కఱలేదు. ఈ యంత్రము లేని యాసుపత్రిలో బిడ్డకు వెచ్చదనము, తల్లిపాలు, పరిశుభ్రత, ఎల్లవేళల కనిపెట్టియుండు దాదులు ఉన్నచో తల్లి తన్ను తాను నిందించుకొన బనిలేదు.

పుట్టుకవేళ ఊపిరాడక నలిగిన నిండునెలల శిశువుల విషయము వేఱు. ఇచట వెలుగు చెప్పు కథ తలక్రిందులుగా నుండును. అట్టి బిడ్డ మొదటి గంటలలో కొంత తేఱుకొనినట్లు కనబడి, ఆఱు గంటలు మొదలు ఒక దినములోపల మెదడు కణముల శక్తి మరల గ్రుంగిపోవచ్చును. అప్పుడు యంత్రముపై ప్రాణవాయువు అంకె తగ్గదు, పెరుగును! తెలియనివారు శుభమనుకొందురు. కుండలో నన్నము మిగిలియున్నదని యింటిల్లిపాదియు దృప్తిగా భుజించిరని చెప్పగలమా? తినవలసినవారికి జబ్బుచేసి యాకలి చచ్చిన నన్నము మిగులదా? రక్తము తెచ్చిన ప్రాణవాయువును వాడుకొను శక్తి కణములకు లేకపోవుటచే నది మిగిలిపోవుచున్న దన్నమాట. కావున అన్నము మిగులుటనేగాక, తినువారు తినుచున్నారా యనికూడ జూడవలెను. కణములలో ప్రాణవాయువును గైకొని శక్తిగా మార్చు సైటోక్రోమ్ ఆక్సిడేజ్ అను పదార్థముకూడ నీ కానరాని వెలుగులో తన వన్నెను మార్చుకొనును. కాని యది రక్తవర్ణముకంటె మిక్కిలి స్వల్పము గనుక రెండు మూడు వన్నెల వెలుగు చాలదు. నూఱుకు మించిన వన్నెలను పంపవలెను. లండను యూనివర్సిటీ కాలేజీవారు అందులకై నిర్మించిన యంత్రమునకు 'సిరిల్' అని పేరు పెట్టిరి. దానిని 2014 లో వర్ణించినవారిలో జెమ్మా బేల్ అను యువతి ప్రథమురాలు. ఇది యింకను పరిశోధనశాలల సొత్తేగాని ప్రతి ప్రసూతిగృహమునకు వచ్చినది కాదు.

ఇట్టి కొలతల యక్కఱ మన కేల? ఊపిరాడక నలిగిన బిడ్డను, పుట్టిన ఆఱు గంటలలోపల మొదలిడి, 72 గంటలపాటు 33, 34 డిగ్రీల చల్లదనమున నుంచుట పాశ్చాత్యదేశములలో మేలుచేయు చికిత్సగా స్థిరపడినది. అదే చికిత్సను భారతదేశము, శ్రీలంక, బంగ్లాదేశములలో 408 మంది శిశువులయందు పరీక్షింపగా, చల్లబఱచినవారిలో నూటికి 42 మందియు, చల్లబఱుపనివారిలో 31 మందియు మరణించిరని 2021 లో బ్రకటింపబడెను. ఒకచోటి యమృత మింకొకచోట నమృతము కాలేదు. ఏ బిడ్డ మెదడు ఏ గంటకు నలిగినదో, ఏ బిడ్డకు చికిత్స మేలుచేయునో ముందుగా దెలిసికొను సాధనము మనకే మఱింత యవసరము. ఈ సంగతి చదివి యెవ్వరును ఇంటియొద్ద పసికందును తడిగుడ్డతో జల్లబఱుపరాదు సుమా! పసిబిడ్డకు చలి ప్రాణాంతకము. పుట్టిన బిడ్డ యేడువకున్నను, పాలు కుడువకున్నను, మెత్తబడినను, చేతులు కాళ్లు అదరినను, బిడ్డను తల్లి ఱొమ్ముల కదుముకొని వెచ్చగా కప్పి, తడవుచేయక యాసుపత్రికి జేర్చవలెను. ఎక్కడికి బోవలెనో పురుటికి ముందే యింటివారు విచారించి యుంచుకొనుట మేలు. పుట్టిన తరువాతి గంటలు పంచాంగము చూచుకొనుటకు గావు.

కడపట నొక సంతోషవార్త. ఈ వెలుగుతో జబ్బునేగాక తెలివినిగూడ జూచుచున్నారు. తలకు టోపీవలె పలు దీపములు, పలు కన్నులు తొడిగినచో, మెదడులో నేభాగము పనిచేయుచున్నదో, అక్కడికి రక్తము హెచ్చుగా బోవుటనుబట్టి తెలియును. బిడ్డను గొట్టములోనికి ద్రోయనక్కఱలేదు, మత్తు మందీయనక్కఱలేదు. గర్భములోనుండియే పద్మవ్యూహము సంగతి విన్న యభిమన్యుని కథ మన కెల్లరకు దెలిసినదే. 2003 లో మార్సెలా పేన్యా యను విదుషియు సహచరులును పుట్టి కొలది దినములైన శిశువులకు, తల్లులు పిల్లలతో మాటలాడునట్టి మాటలను వినిపించిరి. తరువాత నవే మాటలను వెనుకనుండి ముందునకు ద్రిప్పి వినిపించిరి. చెవికి రెండును శబ్దములే. సరియైన మాటలు విన్నప్పుడు పసికందుల మెదడు ఎడమభాగము ఎక్కువగా మేల్కొనెను. త్రిప్పిన మాటల కంతగా మేల్కొనలేదు. ఆ బిడ్డలు పరీక్షాసమయమున చాలవఱకు నిద్రలోనే యుండిరట.